పాత లారీకి పాము బెల్టు

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, గోపాల్‌పేట

ఇంజను గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే పిస్టన్ల గురించి, సిలిండర్ల గురించి, గేరుబాక్సు గురించి మాట్లాడుకుంటారు. అశ్వశక్తి ఎంత, ఎన్ని టన్నులు లాగుతుంది అని అడుగుతారు. ఇంజను ముందు భాగాన గిరగిరా తిరిగే నల్లటి రబ్బరు పట్టా సంగతి ఎవరూ ఎత్తరు. అది తెగిననాడు మాత్రం పది టన్నుల బండి రోడ్డు పక్కన మొరాయించి నిలబడుతుంది. పల్లికాయ సీజన్లో వనపర్తి మార్కెట్టుకు బయలుదేరిన లోడు ఎండలో ఆగిపోయి, డ్రైవరు రేడియేటర్ మూత తియ్యడానికి భయపడుతూ పక్కన బీడీ కాల్చుకునే దృశ్యం మన వైపు రోడ్ల మీద తిరిగేవారికి కొత్త కాదు.

ఈమధ్య ఒక ప్రశ్న మా ఊరి వైపు కూడా వినిపిస్తున్నది. "కొత్త లారీలకు ఒక్కటే వెడల్పు బెల్టు వుంటది, అది పాములాగా అన్ని పుల్లీలనూ చుట్టుకొని పోతది. మన పాత బండికి గూడ అట్ల మార్పిస్తే యెట్లుంటది?" అని. దానికి సమాధానం చెప్పాలంటే ముందు బెల్టు యెందుకు పట్టుకుంటుందో తెలియాలి. బి.యస్సీ.లో మనం చదివే ఘర్షణ పాఠం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ఆ పాఠాన్ని లారీ బానెట్ కిందికి తీసుకొని పోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గుంజ చెప్పే పాఠం

కోడెను కట్టేసేటప్పుడు రైతు పలుపును గుంజకు ఊరికే తగిలించడు, రెండు చుట్లు తిప్పుతాడు. ఆ తరువాత కొసను పన్నెండేళ్ళ పిల్లవాడి చేతికి ఇచ్చినా కోడె కదలలేదు. పిల్లవాడికి బలం ఎక్కడినుంచి వచ్చింది? చుట్టులోనుంచి వచ్చింది.

18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. బిగువు పక్క లాగుడును వదులు పక్క లాగుడుతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. ఘర్షణ గుణకాన్ని చుట్టుకోణంతో (రేడియన్లలో) గుణించి, 2.718 అనే సంఖ్యను ఆ ఘాతానికి హెచ్చిస్తే వచ్చేది ఆ నిష్పత్తే. జారకుండా పట్టి వుండగల గరిష్ఠ హద్దు అది. ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. ఒక చుట్టు తిప్పితే నిష్పత్తి 6.6. రెండు చుట్లు తిప్పితే 43. అంటే పిల్లవాడు ఒక కిలో బరువుతో పట్టుకుంటే అవతల కోడె 43 కిలోల బరువుతో గుంజినా తాడు జారదు. చుట్టు రెండింతలైతే పట్టు రెండింతలు కాలేదు, ఆరున్నర రెట్లయింది. ఘాతం మహిమ ఇది.

బెల్టు పుల్లీని చుట్టుకోవడం కూడా ఇదే. కాకపోతే బెల్టుకు రెండు చుట్లు వుండవు. రెండు సమానమైన పుల్లీల మీద అయితే సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు మాత్రమే దొరుకుతుంది. 0.3 ఘర్షణతో సగం చుట్టుకు నిష్పత్తి 2.57 మాత్రమే.

గిర్ని పట్టా

పాత గిర్నీల్లో, ఆయిల్ ఇంజన్ల మీద వుండే బల్లపరుపు పట్టా ఈ 2.57 తోనే కాలం వెళ్ళదీసింది. లిస్టర్ తరహా ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతూ "టుక్ టుక్" మంటుంటే, ఆ పెద్ద చక్రం నుంచి పట్టా పోయి పిండిరాళ్ళను తిప్పేది. ఆ పట్టా చక్రం మీదనుంచి జారిపడకుండా వుండటానికి చక్రం మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా చేసేవారు. బల్లపరుపు పట్టా యెప్పుడూ యెత్తు వున్న వైపుకే యెక్కుతుంది గనుక మధ్యలోనే నిలబడుతుంది. అవతలి చక్రం ఉల్టా తిరగాలంటే పట్టాను ఎనిమిది అంకెలాగా మెలిపెట్టి వేసేవారు. ఈ "ఉల్టా" సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని వుంది.

బల్లపరుపు పట్టాకు వున్న జబ్బు ఏమంటే, పట్టు తక్కువ గనుక దానిని చాలా బిగించాలి. బిగిస్తే బేరింగులు అరుగుతాయి. ఒక లెక్క చూద్దాం. 160 మిల్లీమీటర్ల వ్యాసం గల పుల్లీ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే బెల్టు వేగం సెకనుకు దాదాపు 16.8 మీటర్లు. దాని ద్వారా 5 కిలోవాట్ల శక్తి పోవాలంటే బిగువు పక్కకూ వదులు పక్కకూ తేడా 300 న్యూటన్లకు కొంచెం తక్కువ వుండాలి. నిష్పత్తి 2.57 అయితే వదులు పక్క 190, బిగువు పక్క 488. రెండూ కలిసి 678 న్యూటన్లు పుల్లీ ఇరుసును ఒక పక్కకు గుంజుతుంటాయి. పని చేసేది 300 మాత్రమే, బేరింగు మోసేది దానికి రెట్టింపు కంటే ఎక్కువ.

వీ-బెల్టు: మేకు సూత్రం

1917లో అమెరికాలోని డెన్వర్ నగరంలో గేట్స్ కంపెనీకి చెందిన జాన్ గేట్స్ రబ్బరు, నూలుతో వీ ఆకారపు బెల్టు తయారుచేశాడు. మేకును చీలికలోకి దిగ్గొడితే రెండు పక్కలా యెట్లా బిగుసుకుంటుందో, ఈ బెల్టు పుల్లీ గాడిలో అట్లా బిగుసుకుంటుంది. గాడి అడుగుకు బెల్టు తగలకూడదు, పక్కగోడలే దాన్ని పట్టుకోవాలి. గాడికోణం 38 డిగ్రీలయితే, అందులో సగం 19 డిగ్రీల సైను విలువ 0.326. ఘర్షణ గుణకాన్ని దీనితో భాగించాలి. అంటే అదే రబ్బరు, అదే ఇనుము, కాని 0.3 కాస్తా 0.92 లాగా పని చేస్తుంది. సగం చుట్టుకు నిష్పత్తి 2.57 నుంచి ఒకేసారి 18కి పోతుంది.

కాగితం మీద 18 వచ్చినా ఇంజనీర్లు అంత దాకా పోరు. దుమ్ము, తడి, అరుగుదల అన్నీ లెక్కలో వేసుకొని వీ-బెల్టుకు 5 నిష్పత్తి తీసుకుంటారు. అప్పుడు మన 5 కిలోవాట్లకు వదులు పక్క 75, బిగువు పక్క 373, మొత్తం 448 న్యూటన్లు. బల్లపరుపు పట్టా కంటే మూడో వంతు భారం తగ్గింది. పోతే, వీ-బెల్టు గాడిలోనుంచి పక్కకు జారిపోదు, కొద్ది జాగాలో సరిపోతుంది. అందుకే మోటారు బండ్లలో, మరలో, మిల్లులో యెక్కడ చూసినా అదే వచ్చింది.

షాపులో "బీ 72 ఇయ్యి" అని అడిగేవారికి ఒక మాట: బీ అంటే పైవెడల్పు 17 మిల్లీమీటర్లు, మందం 11 మిల్లీమీటర్లు వుండే సైజు. 72 అంటే లోపలి చుట్టుకొలత అంగుళాల్లో. ఏ సైజు అయితే వెడల్పు 13, మందం 8. బీ గాడిలో ఏ బెల్టు వేస్తే అది అడుగుకు దిగిపోయి, మేకు సూత్రం పోయి, గిర్ని పట్టా సూత్రం మిగులుతుంది. గాడి అడుగు అద్దంలాగా మెరుస్తుంటే బెల్టు అడుగుకు తగులుతున్నదని అర్థం. బెల్టు గాని, పుల్లీ గాని అరిగిపోయిందన్న మాట.

పాత లారీ ముఖం

1954లో టాటా కంపెనీ జర్మనీ వారి డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది, బండి ముఖం మీది నక్షత్రం పోయి టీ అక్షరం వచ్చింది. ఆ వంశంలోదే 697 ఇంజను. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 97 మిల్లీమీటర్ల వ్యాసం. పేరులోనే లెక్క వుంది, 6 తరువాత 97. పిస్టన్ నడక 128 మిల్లీమీటర్లు. గుణించి చూస్తే 5675 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఇటువంటి ఇంజన్ల బండ్లు సరుకు మొయ్యడం మానినాక కూడా కొన్ని నీళ్ళ ట్యాంకర్లుగా బతికాయి.

ఆ కాలపు ఇంజన్ల ముందు భాగం చూస్తే క్రాంక్ పుల్లీ నుంచి వీ-బెల్టు ఒకటి గాని, జంటగా గాని పోయి నీళ్ళ పంపును, ఫ్యానును, డైనమోను లేక ఆల్టర్నేటరును తిప్పుతుంటుంది. అందుకే డ్రైవర్ల నోట దాని పేరు "ఫ్యాను బెల్టు" అయింది. బిగించాలంటే ఆల్టర్నేటరు బోల్టు వదులు చేసి, సబ్బలుతో పక్కకు నెట్టి, మళ్ళీ బోల్టు బిగిస్తారు.

ఈ వీ-బెల్టుకు రెండు లోపాలు. మొదటిది మందం. మందమైన బెల్టు చిన్న పుల్లీ మీద వంగినప్పుడల్లా లోపల వేడి పుడుతుంది, పగుళ్ళు వస్తాయి. రెండోది, వెనక్కు వంగలేదు. కాబట్టి రెండు మూడు పుల్లీలకు మించి ఒక బెల్టు మీద వెయ్యడం కష్టం. పవర్ స్టీరింగు, ఏసీ, పెద్ద ఆల్టర్నేటరు ఒక్కొక్కటే వచ్చి చేరినకొద్దీ ఒక్కొక్కదానికి ఒక బెల్టు తగిలించవలసి వచ్చింది. లోపలి బెల్టు తెగితే ముందున్న బెల్టులన్నీ విప్పాలి.

పాము బెల్టు

దీనికి విరుగుడుగా వచ్చిందే సర్పెంటైన్ బెల్టు. లాటిన్ భాషలో పాముకు వున్న పేరూ, మన సంస్కృతంలోని "సర్పం" ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. కాబట్టి మనవాళ్ళు పాము బెల్టు అన్నా తప్పు లేదు. 1979 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కారుతో ఇది మార్కెట్టులోకి వచ్చింది. 1988 మోడల్ నాటికి షెవర్లే పికప్ ట్రక్కులకు కూడా వచ్చింది. అక్కడ 1960లు, 70ల నాటి పాత ట్రక్కులను ముద్దుగా కాపాడుకునేవారు వీ-బెల్టులు తీసేసి ఈ కొత్త అమరికను పెట్టించుకోవడం ఒక పెద్ద వ్యాపారమే అయింది.

ఈ బెల్టు లోపలి వైపు నిలువునా సన్నటి గాళ్ళు వుంటాయి. లారీ, కారు సైజులో ఒక గీతకూ ఇంకొక గీతకూ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు, కోణం 40 డిగ్రీలు. "6 పీకే 1800" అంటే ఆరు గీతలు, 1800 మిల్లీమీటర్ల పొడవు. మందం 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

ఇక్కడ చాలామందికి ఒక భ్రమ వుంది. వెడల్పు బెల్టు గనుక వీ-బెల్టు కంటే గట్టిగా పట్టుకుంటుందని అనుకుంటారు. అది నిజం కాదు. ఇంజనీర్లు వీ-బెల్టుకు 5 నిష్పత్తి తీసుకుంటే, దీనికి 4 తీసుకుంటారు. మన 5 కిలోవాట్లకు మొత్తం భారం 448కి బదులు దాదాపు 497 న్యూటన్లు అవుతుంది. అంటే బిగువు కొంచెం ఎక్కువే వుండాలి. దీని గొప్పతనం పట్టులో లేదు, పలుచదనంలో వుంది. పలుచగా వుంది గనుక చిన్న పుల్లీ మీద సుఖంగా వంగుతుంది, వెనక్కు కూడా వంగుతుంది. వెనక్కు వంగుతుంది గనుకనే పాములాగా మెలికలు తిరిగి అన్నింటినీ చుట్టుకొని రాగలదు. దానికి తోడు ఒక స్ప్రింగు టెన్షనర్ వుంటుంది. బెల్టు సాగినా, వేడికి పెరిగినా, స్ప్రింగు తనంతట తానే బిగించుకుంటుంది. సబ్బలు పని లేదు.

మార్చాలంటే ఏమేమి చూడాలి

బెల్టు కొనుక్కొచ్చి తగిలిస్తే అయ్యే పని కాదు ఇది. వరుసగా చూద్దాం.

మొదటిది, పుల్లీలన్నీ మార్చాలి. వీ-గాడిలో గీతల బెల్టు నడవదు. లేతు మీద కొత్త పుల్లీలు తీయించేటప్పుడు వ్యాసాలు పాతవే వుంచాలి. వ్యాసం మారితే వేగం మారుతుంది. ఫ్యాను వేగం 20 శాతం పెరిగితే అది తినే శక్తి 20 శాతం కాదు, 73 శాతం పెరుగుతుంది, యెందుకంటే ఫ్యాను శక్తి వేగం ఘనాన్ని బట్టి పోతుంది. ఆ డీజిలు ఖర్చు యజమానిదే. క్రాంక్ పుల్లీ కుదుపులను మింగే డ్యాంపర్ కూడా అయివుంటే దాన్ని లేతు మీద పెట్టి చెక్కడం ప్రమాదం.

రెండోది, అన్నింటికంటే ముఖ్యమైనది, తిరిగే దిక్కు. బెల్టు గీతల వైపు తగిలిన పుల్లీలన్నీ క్రాంక్ తిరిగిన దిక్కుకే తిరుగుతాయి. బెల్టు వీపు తగిలిన పుల్లీలు ఉల్టా తిరుగుతాయి. గిర్నిలో మెలిపెట్టిన పట్టా లాంటిదే ఇది. చాలా సర్పెంటైన్ అమరికల్లో నీళ్ళ పంపు బెల్టు వీపు మీదనే నడుస్తుంది. అందుకు ఉల్టా తిరగడానికే తయారుచేసిన పంపు వాడతారు. పాత పంపునే వుంచి వీపు మీద నడిపిస్తే ఏమవుతుంది? రైతుబిడ్డలకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు చేసిపోయినాక మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే బావి మోటారు ఉల్టా తిరుగుతుంది. నీళ్ళు రాకుండా పోవు, సన్నగా వస్తాయి. "మోటరు తిరుగుతున్నది గదా, నీళ్ళేవి?" అని తల గోక్కుంటాము. సెంట్రిఫ్యూగల్ పంపు యెటు తిప్పినా నీటిని బయటికే విసురుతుంది, కాని రెక్కల వంపు ఉల్టా అయితే బలం వుండదు. లారీ పంపుదీ అదే కథ. ఖాళీ బండి నడుస్తుంది. లోడు వేసుకొని గట్టు యెక్కేటప్పుడు ముల్లు ఎర్రగీతకు పోతుంది. ఫ్యాను సంగతి ఇంకా అన్యాయం. పంపు లాగా కాదు, ఫ్యాను ఉల్టా తిరిగితే గాలి కూడా ఉల్టా కొడుతుంది. ముందునుంచి వచ్చే గాలికి యెదురు నిలుస్తుంది.

మూడోది, సూటి. పుల్లీలన్నీ ఒకే గీతలో వుండాలి. 300 మిల్లీమీటర్ల దూరంలో 2 మిల్లీమీటర్ల తేడా వున్నా గీతల బెల్టు కీచుమంటుంది, అంచులు నూలుపోగుల్లా వూడిపోతాయి. వీ-బెల్టు ఇంతకంటే ఓర్పు గలది. రెండు పుల్లీల ముఖాల మీద నూలుదారం గట్టిగా పట్టి చూస్తే వంకర తెలుస్తుంది.

నాలుగోది, చుట్టుకోణం. ఆల్టర్నేటరు చిన్న పుల్లీ, దాని మీద లోడు ఎక్కువ. గీతల వైపు 180 డిగ్రీలు దొరికితే కాగితం లెక్కలో నిష్పత్తి 15 దాకా వస్తుంది. 120 డిగ్రీలకు తగ్గితే 6 చిల్లర. అదే 120 డిగ్రీలు బెల్టు వీపు మీద అయితే మేకు సూత్రం లేదు గనుక 1.9 మాత్రమే. కాబట్టి బరువు పని చేసేవాటిని గీతల వైపే పెట్టాలి, ఉత్త గిలకలను వీపు వైపు పెట్టాలి.

అయిదోది, టెన్షనర్ స్థానం. క్రాంక్ పుల్లీయే అన్నింటినీ లాగుతుంది. కాబట్టి క్రాంక్‌లోకి పోయే పక్క బిగువు, క్రాంక్ నుంచి బయటికి వచ్చే పక్క వదులు. టెన్షనర్ ఈ వదులు పక్కనే వుండాలి. బిగువు పక్క పెడితే లోడు పడినప్పుడల్లా స్ప్రింగు వెనక్కు పోయి అవతల బెల్టు జారుతుంది.

మార్చాలా, వద్దా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పాము బెల్టుకు వున్న సుగుణమే దాని గండం కూడా. ఒక్క బెల్టు మీద అన్నీ నడిస్తే, అది తెగిన క్షణంలో అన్నీ ఆగిపోతాయి. పంపు ఆగి ఇంజను కాగుతుంది. చార్జింగు ఆగుతుంది. పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. బ్రేకులకు ఆదరువైన గాలి కంప్రెసరును గాని, వాక్యూమ్ పంపును గాని బెల్టు మీద నడిపే బండి అయితే, నిలువ వున్న గాలి అయిపోయేదాకానే బ్రేకు. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు అది ప్రాణం మీది మాట. ఇటువంటి బండికి మార్పు చేయించేవారు బ్రేకు సంగతి మొదట తేల్చుకోవాలి, సొగసు సంగతి తరువాత.

ఇంకొకటి, దొరకడం. మామూలు వీ-బెల్టు మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది. క్లీనరు సీటు వెనుక ఒకటి మేకుకు వేలాడుతుంటుంది, రెండు పానాలతో అరగంటలో మారుస్తాడు. మన బండికోసం ప్రత్యేకంగా కొలిచి వేసిన పాము బెల్టు అర్ధరాత్రి కొత్తకోట దగ్గర తెగితే అదే కొలత ఎవరి దగ్గర వుంటుంది? కనుక మార్చినవారు రెండో బెల్టు బండిలో పెట్టుకోవాలి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు పోవాలో బొమ్మ గీసి బానెట్ లోపల అతికించాలి.

నా అభిప్రాయం ఇది. పంపు, ఫ్యాను, ఆల్టర్నేటరు ఈ మూడే వున్న పాత లారీకి, ట్రాక్టరుకు వీ-బెల్టు చాలు. పవర్ స్టీరింగు, ఏసీ, పెద్ద ఆల్టర్నేటరు వంటివి కొత్తగా చేర్చి, బెల్టుల మీద బెల్టులు పేరుకున్న బండికి మాత్రం మార్పు అర్థవంతం. అదీ పంపు, ఫ్యాను, పుల్లీలు, టెన్షనర్ అన్నీ ఒక సెట్టుగా కుదిరినప్పుడే. సగం పాతవి, సగం కొత్తవి కలిపి అతికించేవాడి చేతిలో పెడితే డబ్బు పోవడమే గాక ఇంజను హెడ్డు కూడా పోతుంది.

మార్పు కంటే ముందు చెయ్యవలసిన పని చవకైనది. నెలకొకసారి ఇంజను ఆపి, చల్లారినాక రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి. ప్రతి 100 మిల్లీమీటర్ల దూరానికి 1.6 మిల్లీమీటర్ల చొప్పున దిగాలి. అంటే 640 మిల్లీమీటర్ల దూరం వుంటే ఒక సెంటీమీటరు. అంతకంటే దిగితే వదులు, దిగకపోతే బేరింగుకు శిక్ష. కీచుమన్నదని నూనె పూయకూడదు, నూనె రబ్బరును తింటుంది. జంట బెల్టుల్లో ఒకటి తెగితే రెండూ మార్చాలి, లేకపోతే కొత్తదే బరువంతా మోసి తొందరగా చస్తుంది.

చివరగా ఒక్క మాట. మన వైపు పొలాల్లో నూర్పిడి మిషన్లకు, పల్లికాయ వొలిచే మిషన్లకు చాలావాటికి బెల్టు మీద జాలీ వుండదు. వున్నది కూడా "అడ్డమొస్తున్నది" అని పీకేస్తారు. పైన చెప్పిన లెక్కను ఇటువైపు తిప్పి చూడండి. రెండు చుట్లతో పిల్లవాడు కోడెను ఆపగలిగాడు. అదే సూత్రం చీరె కొంగుకు, పంచె అంచుకు, టవలుకు కూడా వర్తిస్తుంది. తిరిగే ఇరుసుకు కొంగు ఒక్క చుట్టు చుట్టుకుంటే ఆ తరువాత మనిషి బలం చాలదు, చుట్టు చుట్టుకూ పట్టు పెరుగుతూ పోతుంది. ఈ లెక్క మన క్లాసులో పది మార్కుల ప్రశ్న. కళ్ళం దగ్గర పనిచేసే మా అమ్మలకు, అక్కలకు అది చేతులు, ప్రాణాలు. సెలవులకు ఇంటికి పోయిన మిత్రులు మిషను బెల్టుకు జాలీ వున్నదా లేదా ఒకసారి చూసి, లేకుంటే పాత ఇనుప జాలీ ముక్కయినా బిగించి రావలసిందిగా నా మనవి. దానికి కిట్టు అక్కరలేదు, నాలుగు నట్లు, బోల్టులు చాలు.